రేకుల షెడ్డు మీద గ్రౌండ్ స్టేషన్: ఒక హైస్కూలు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటంటే

భూమికి సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున తిరిగే రష్యా వాతావరణ ఉపగ్రహం మెటియోర్-ఎం ఎన్2-4 తాను తీస్తున్న ఫొటోను తీస్తూనే కిందికి పంపేస్తుంటుంది. ఎవరైనా పట్టుకోవచ్చని తాళం వేయకుండా పంపే ప్రసారం అది. రెండు అల్యూమినియం కడ్డీలు, పది మీటర్ల డిష్ వైరు, రేడియో సిగ్నల్‌ను కంప్యూటరుకు అందించే ఒక యూఎస్‌బీ డాంగిల్, ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే బడి సైకిల్ స్టాండు మీద నుంచే ఆ బొమ్మ పట్టొచ్చు. 8, 9 తరగతుల పిల్లలు పదకొండు మంది, ఫిజిక్స్ టీచరు, సోషల్ టీచరు కలిసి ఆరు వారాల్లో చేసిన పని ఇది. ఇంకో బడివాళ్లు మొదలుపెడితే ఎక్కడ తేడా కొడుతుందో ముందే తెలియాలని రోజువారీ రిజిస్టరులోంచి తీసి రాస్తున్నాం.

మొదట ఒక హెచ్చరిక. ఈ పని మీద దొరికే వీడియోలు, పాఠాలు చాలావరకు అమెరికా ఉపగ్రహాలు నోవా-15, 18, 19 గురించి చెబుతాయి. అవి సులువుగా దొరికేవి, నిజమే. కానీ 2025 జూన్, ఆగస్టు నెలల మధ్య ఆ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఆపేశారు. పాత వీడియో చూసి 137.62 మెగాహెర్ట్జ్ దగ్గర నెల రోజులు కూర్చున్నా ఏమీ వినపడదు. పిల్లలు తప్పు తమదే అనుకుని వదిలేస్తారు. ఇప్పుడు ఈ బ్యాండులో పట్టదగ్గవి మెటియోర్-ఎం ఎన్2-3 (2023 జూన్‌లో ఎగిరింది), ఎన్2-4 (2024 ఫిబ్రవరి 29న ఎగిరింది). ఎన్2-3 మీద ఈ ప్రసారపు యాంటెన్నా పూర్తిగా విచ్చుకోలేదు, సిగ్నల్ బలహీనం. మొదటి ప్రయత్నం ఎన్2-4తోనే చేయాలి. ప్రసారం 137.9 లేదా 137.1 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది. అప్పుడప్పుడూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంటారు, కాబట్టి రెండూ చూసుకోవాలి.

మొదటి వారం: లెక్క, సామాను

యాంటెన్నా పొడవు పిల్లలే లెక్కగట్టాలి. టీచరు చెబితే అది వట్టి కడ్డీ, వాళ్లు లెక్కవేస్తే అది వాళ్ల యాంటెన్నా. తొమ్మిదో తరగతి ధ్వని పాఠంలో ఉన్న సూత్రమే, వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. ధ్వని వేగం బదులు కాంతి వేగం పెట్టాలి, అంతే తేడా. 137.5 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 2.18 మీటర్లు, అందులో నాలుగో వంతు 54.5 సెంటీమీటర్లు. కడ్డీకి మందం ఉంటుంది, కొసల దగ్గర విద్యుత్ క్షేత్రం కొంచెం బయటికి పొంగుతుంది, అందుకని లెక్కకన్నా కాస్త పొట్టిగా కోయాలి: 53.4 సెంటీమీటర్లు. అర సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అయిదు సెంటీమీటర్లు తేడా వస్తే మాత్రం యాంటెన్నా విమానాల బ్యాండుకో పోలీసు వైర్‌లెస్ బ్యాండుకో సరిపోతుంది, మనకు కాదు.

రెండు కడ్డీలనూ ఒకే గీతలో పెడితే మామూలు డైపోల్. వాటిని 120 డిగ్రీల కోణంలో ‘వి’ ఆకారంగా వంచితే యాంటెన్నా నిరోధం 73 ఓమ్‌ల నుంచి 50 దరిదాపుల్లోకి దిగుతుంది, రిసీవరుకు అదే కావాలి. ఇంకో లాభం: ఈ ‘వి’ నేలకు సమాంతరంగా పడుకుంటుంది. ఊళ్లో వైర్‌లెస్ సెట్ల సిగ్నళ్లు చాలావరకు నిలువు ధ్రువణంతో (తరంగం పైకీ కిందికీ ఊగుతూ) వస్తాయి కాబట్టి వాటి గోల ఈ యాంటెన్నాకు తక్కువగా సోకుతుంది.

సామాను: 4 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ 1.2 మీటర్లు. అది దొరక్కపోతే ఇంటి వైరింగుకు వాడే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పైతొడుగు ఒలిచి, సన్న పీవీసీ గొట్టానికి కట్టినా సరిపోతుంది. స్క్రూలుండే 30 ఆంపియర్ల ప్లాస్టిక్ కనెక్టర్ ఒక జత. 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ చెక్క, ముప్పావు అంగుళం పీవీసీ గొట్టం, డిష్ వైరు 10 మీటర్లు, దాని ఎఫ్ కనెక్టరు, ఎఫ్ నుంచి ఎస్‌ఎంఏకి మార్చే అడాప్టరు. ఇవన్నీ కలిపి ఆరేడు వందలయ్యాయి. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌కి నాలుగు వేల పైచిలుకు పడింది, ఖర్చంతా అదే. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడి అయితే ఆ పద్దులో అడగొచ్చు. వెయ్యి రూపాయలకు టీవీ డాంగిళ్లు దొరుకుతాయి గానీ వాటి లోపలి స్ఫటికం యాభై పీపీఎం (పది లక్షల్లో యాభై వంతులు) వరకూ తప్పుతుంది. 137 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 7 కిలోహెర్ట్జ్. పైగా ఎండకు వేడెక్కేకొద్దీ జరుగుతూ పోతుంది. ఒక పీపీఎం లోపు ఉండే రకమే కొనాలి.

డిష్ వైరు 75 ఓమ్‌లు కదా, డాంగిల్ 50 కదా అని ఎవరైనా అడ్డు చెబుతారు. ఆ పొంతన లేకపోవడం వల్ల పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. పది మీటర్ల డిష్ వైరులో నష్టం ఒక డెసిబెల్ లోపే. అదే 50 ఓమ్‌ల సన్న ఆర్‌జీ-58 వాడితే రెండు డెసిబెల్స్ దగ్గరకు పోతుంది. ఊళ్లో కేబుల్ టీవీ అబ్బాయి దగ్గర దొరికే వైరే ఇక్కడ మేలైనది.

రెండో వారం: కోత, కట్టుబడి, రెండు పొరపాట్లు

చెక్క మీద వృత్తలేఖినితో 120 డిగ్రీలు గీసి కనెక్టర్లు బిగించారు. బిగించాక కోణం సరిగా వచ్చిందో లేదో చూడ్డానికి కోణమానిని అక్కర్లేదు. 53.4 × 2 × సైన్ 60 అంటే 92.5 సెంటీమీటర్లు. మధ్యలో కనెక్టర్ల నడుమ ఖాళీ రెండు సెంటీమీటర్లుంది కాబట్టి కొస నుంచి కొసకు 94.5 రావాలి. టేపు పట్టి చూస్తే 91 వచ్చింది. ఒక స్క్రూ వదులై కడ్డీ లోపలికి వంగింది, సరిచేశారు. త్రికోణమితి దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు ఈ ఒక్క టేపు కొలత చాలు.

మొదటి పొరపాటు: డిష్ వైరు పైజడను (మధ్య తీగ చుట్టూ అల్లిన సన్న పోగులను) కడ్డీకి టంకం పెట్టబోయారు. అరగంట వేడిచేసినా సీసం అంటుకోలేదు, ఉండలై జారిపోయింది. ఆ జడ అల్యూమినియంది, మామూలు టంకం దానికి పట్టదు. మధ్య తీగ రాగిపూత వేసిన ఉక్కు. అందుకని జడను మెలితిప్పి, స్క్రూ కింద నొక్కి బిగించడమే దారి. మధ్య తీగ ఒక కడ్డీకి, జడ ఇంకో కడ్డీకి.

రెండోది కనపడని పొరపాటు. జడలోని ఒక్క పోగు, వెంట్రుకంత సన్నది, వెళ్లి మధ్య తీగను తాకింది. బయటి నుంచి అంతా బాగుంది. మల్టీమీటరు పెట్టి రెండు కడ్డీల మధ్య చూస్తే బీప్ మంది. మోగకూడదు. ఈ యాంటెన్నాలో రెండు కడ్డీలకూ మధ్య డీసీ దారి ఉండదు. మల్టీమీటరు పరీక్ష మూడు చోట్ల చేయాలి: కడ్డీకీ కడ్డీకీ మధ్య మోగకూడదు, ఎఫ్ కనెక్టరు సూది నుంచి ఒక కడ్డీకి మోగాలి, దాని ఒంటి నుంచి ఇంకో కడ్డీకి మోగాలి. ఈ పరీక్ష చేయకుండా యాంటెన్నాను షెడ్డు పైకి ఎక్కించనివ్వొద్దు.

యాంటెన్నా దగ్గరే కేబుల్‌ని 15 సెంటీమీటర్ల వెడల్పున అయిదు చుట్లు చుట్టి టేపు వేశారు. కేబుల్ పైతొడుగు తానే ఒక యాంటెన్నాలా పనిచేసి ల్యాప్‌టాప్ గోలను పైకి మోయకుండా ఆ చుట్ట ఆపుతుంది. చివర్లో కనెక్టర్ల మీద టేపు చుట్టి, ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించారు.

మూడో వారం: వినడం

డాంగిల్ పెట్టగానే విండోస్ దాన్ని టీవీ పరికరం అనుకుని తన డ్రైవరు వేసేస్తుంది. జాడిగ్ అనే చిన్న ప్రోగ్రాంతో ‘బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0’ ఎంచి విన్‌యూఎస్‌బీ డ్రైవరు మార్చాలి. అక్కడి జాబితాలో పొరపాటున మౌస్‌నో కీబోర్డునో ఎంచుకుంటే అది చచ్చిపోతుంది, కాబట్టి ఈ ఒక్క పని టీచరు పక్కన నిలబడి చేయించాలి.

ఉపగ్రహం కోసం చూసేముందు ఆకాశవాణి ఎఫ్ఎం పెట్టి విన్నారు. వినపడితే డాంగిల్, డ్రైవరు, సాఫ్ట్‌వేర్ మూడూ బాగున్నట్టే. ఆ తర్వాత 137.9కి వచ్చి తెర మీద నాయిస్ మట్టం చూస్తే అడుగడుగునా నిలువు గీతలు. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయగానే సగం పోయాయి. షెడ్డు పక్క గదిలో ఎల్ఈడీ ట్యూబులైటు ఆపితే ఇంకొన్ని పోయాయి. పాస్ (ఉపగ్రహం మన ఆకాశంలో లేచి దిగేదాకా పట్టే సమయం) వచ్చే పావుగంటా బ్యాటరీ మీదే నడపాలని రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసుకున్నారు.

గెయిన్ (డాంగిల్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే అంకె) విషయంలో అందరూ చేసే తప్పే ఇక్కడా జరిగింది. 49.6 అని కనపడగానే చివరిదాకా తోసేశారు. ఎక్కువ పెడితే ఎక్కువ వినపడుతుందనుకోవడం సహజమే. డాంగిల్‌లో ఉన్నది ఎనిమిది బిట్ల కన్వర్టరు. బలమైన ఎఫ్ఎం స్టేషన్లు దాన్ని నింపేసి లేనిచోట కూడా తమ నీడలు వేస్తాయి. సరైన పద్ధతి: గెయిన్ కింది నుంచి మెల్లగా పెంచుతూ, యాంటెన్నా పీకినప్పుడూ పెట్టినప్పుడూ నాయిస్ మట్టం చూడాలి. పెట్టగానే మట్టం నాలుగైదు డెసిబెల్స్ లేచిందంటే చాలు, అక్కడ ఆగాలి. మా చోట 33 దగ్గర ఆగాం. ఊళ్లో సిగ్నల్ బూస్టరు కొనుక్కోమని సలహాలొచ్చాయి. ఎఫ్ఎం పొంగు ఉన్నచోట ఫిల్టరు లేకుండా బూస్టరు పెడితే రోగం ముదురుతుంది. ఆ డబ్బు మంచి కేబుల్ మీద పెట్టాలి.

శనివారం మొదటి పాస్. పాస్ సమయాలు లెక్కగట్టే జీప్రెడిక్ట్ ప్రోగ్రాం చెప్పిన సమయానికి పదకొండు మందీ షెడ్డు కింద గొంతుకూర్చున్నారు. ఏమీ రాలేదు. కారణం ఎక్కడా వెతకనక్కర్లేదు, ల్యాప్‌టాప్ గడియారంలోనే ఉంది. లోపలి సీఆర్2032 బటన్ సెల్ చచ్చిపోయి, ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది. ఎవరో చేత్తో పెట్టిన సమయం పదహారు నిమిషాలు తేడా. ఆ ఉపగ్రహం సెకనుకు 7.4 కిలోమీటర్లు పోతుంది. ఒక్క నిమిషం తప్పితే 440 కిలోమీటర్లు దాటిపోయినట్టు, పదహారు నిమిషాల్లో పాస్ మొత్తం అయిపోతుంది. ముప్పై రూపాయల సెల్ మార్చి, ఫోన్ గడియారంతో సరిచేశారు. కక్ష్య వివరాలు కూడా వారానికోసారి ఇంటర్నెట్ నుంచి తాజా చేసుకోవాలి. ఫోన్లో లుక్4శాట్ వేసుకుంటే పాస్ సమయాలు, దిక్కు, ఎత్తు అన్నీ చూపిస్తుంది.

నాలుగో వారం: నడినెత్తిన మాయమయ్యే సిగ్నల్

యాంటెన్నాలో కడ్డీలు తూర్పు పడమరలకు చాచి, ‘వి’ తెరిచిన నోరు ఉత్తరానికి పెట్టాం. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి. యాంటెన్నాకు బలమైన చూపు ఉండాల్సింది ఆ రెండు దిక్కులకూ నడినెత్తికీ.

సిగ్నల్‌ను బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ శాట్‌డంప్. రికార్డర్‌లో ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ ఎంచి, శాంపుల్ రేటు 1.024, పౌనఃపున్యం 137.9 పెట్టి, ప్రాసెసింగ్‌లో ‘మెటియోర్ ఎం2-ఎక్స్ ఎల్‌ఆర్‌పీటీ 72కె’ పెట్టాలి. ఉపగ్రహం లేచేటప్పుడు డాప్లర్ ప్రభావం (దగ్గరికొస్తుంటే పౌనఃపున్యం పెరగడం, దూరమవుతుంటే తగ్గడం) వల్ల సిగ్నల్ మూడు కిలోహెర్ట్జ్ పైన, దిగేటప్పుడు మూడు కిలోహెర్ట్జ్ కింద ఉంటుంది. దాన్ని ప్రోగ్రామే తిప్పుకుంటుంది, చేత్తో కదపకూడదు. తెర మీద సుమారు 120 కిలోహెర్ట్జ్ వెడల్పున ఒక చదునైన దిబ్బ లేస్తే అదే సిగ్నల్. పక్క బొమ్మలో చుక్కలు నాలుగు గుంపులుగా విడిపోతే డీకోడ్ అవుతున్నట్టు. ఎరుపులో ఉన్న నోసింక్ ఆకుపచ్చ సింక్డ్‌గా మారుతుంది.

బుధవారం, గరిష్ఠ ఎత్తు 74 డిగ్రీల పాస్. ఉత్తరాన 15 డిగ్రీల దగ్గర దిబ్బ లేచింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. 30 డిగ్రీల దగ్గర ఇంకా బలం. 60 దాటాక, ఉపగ్రహం అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సమయంలో, సిగ్నల్ పడిపోయింది. దక్షిణానికి దిగాక మళ్లీ లేచింది. ఇది వింత. దిగంతం దగ్గర ఉపగ్రహం 3,300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, నడినెత్తిన 820. విలోమ వర్గ నియమం ప్రకారం నెత్తిమీద 12 డెసిబెల్స్ ఎక్కువ రావాలి.

కారణం కింద రేకు. యాంటెన్నాను రేకులకు 1.1 మీటర్ల ఎత్తులో కట్టాం, ఎంత ఎత్తుంటే అంత మంచిదనుకుని. 1.1 మీటర్లంటే సరిగ్గా సగం తరంగదైర్ఘ్యం. పై నుంచి నేరుగా వచ్చిన తరంగం ఒకటి, యాంటెన్నాను దాటి రేకుకు తగిలి తిరిగొచ్చిన తరంగం ఇంకోటి. తిరిగొచ్చేది పోనూ రానూ ఒక పూర్తి తరంగం దూరం అదనంగా నడుస్తుంది. లోహానికి తగిలినప్పుడు తలకిందులవుతుంది కూడా. రెండూ ఎదురుబొదురై ఒకదాన్నొకటి చెరిపేసుకున్నాయి. అదే ఎత్తును పావు తరంగానికి, 55 సెంటీమీటర్లకు దించితే తిరిగొచ్చేది సగం తరంగం నడిచి, తలకిందులై, మొదటి దానితో చేయి కలుపుతుంది. గొట్టం సగానికి కోశారు. మర్నాటి పాస్‌లో నడినెత్తిన దిబ్బ అన్నిటికన్నా ఎత్తుగా లేచింది. ఆరు వారాల్లో ఫిజిక్స్ పరంగా బాగా పండిన రోజు ఇది. వ్యతికరణం గురించి పదో తరగతి దాటాక ఎక్కడో చదివే మాటను ఈ పిల్లలు రంపంతో గొట్టం కోసి చూశారు.

కాంక్రీటు శ్లాబు మీద ఈ ప్రభావం తక్కువగా ఉంటుంది గానీ ఉంటుంది. తడిసిన శ్లాబు మీద ఇంకాస్త ఎక్కువ.

డిస్కు గురించి ఒక మాట. సిగ్నల్‌ని అలాగే ముడి రూపంలో దాచుకుంటే తర్వాత ఎన్నిసార్లైనా డీకోడ్ చేసి నేర్చుకోవచ్చు. అయితే ఎనిమిది బిట్లలో దాచినా సెకనుకు రెండు మెగాబైట్లు, పావుగంటకు దాదాపు 1.8 జీబీ. శుక్రవారం పాస్ మధ్యలో డిస్కు నిండిపోయి రికార్డింగు ఆగింది. ముందు ఖాళీ చూసుకోవాలి.

అయిదో వారం: బొమ్మ చదవడం

మొదటి మంచి బొమ్మ వచ్చింది. 1,568 పిక్సెళ్ల వెడల్పు. మధ్యలో ఒక పిక్సెల్ నేల మీద సుమారు ఒక కిలోమీటరు.

“సార్, ఇండియా తలకిందులుగా పడింది.”

“పాస్ ఎటు నుంచి ఎటు పోయింది? రిజిస్టరు చూడమ్మా.”

దక్షిణం నుంచి ఉత్తరానికి. ముందు అందిన గీత దక్షిణానిది కాబట్టి అదే పైన కూర్చుంది. ఇది అద్దంలో ప్రతిబింబం కాదు, 180 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది. ఒక అబ్బాయి నిలువుగా మాత్రమే తిరగేశాడు, కోరమాండల్ తీరం పడమటికి వెళ్లిపోయింది. ఆ పొరపాటును బొమ్మతో సహా గోడకు అంటించాం.

అక్కడక్కడా నల్లని దీర్ఘచతురస్రాలు. దగ్గరికి జరిపి లెక్కపెడితే ప్రతి చిన్న పెట్టే 112 పిక్సెళ్ల వెడల్పు, 8 గీతల ఎత్తు. ఉపగ్రహం బొమ్మను ముక్కలు చేసి ప్యాకెట్లుగా పంపుతుంది. అడ్డంగా ఒక వరుసకు 14 ప్యాకెట్లు, 14 × 112 = 1,568. ఒక్క నల్లపెట్టె అంటే ఒక్క ప్యాకెట్ పోయినట్టు. అంతా చారలైతే సిగ్నల్ బలం చాల్లేదని. చెదురుగా ఒకటి రెండు పెట్టెలైతే ఎవరో మోటారు స్విచ్ వేశారని. వాట్సాప్‌లో ఫొటో ఎందుకు సగం వచ్చి ఆగుతుందో ఈ లెక్కతో వాళ్లకే అర్థమైంది.

ఇక్కడి నుంచి సోషల్ టీచరు చేతికి వెళ్లింది పని. ఉపగ్రహంలోని కెమెరాకు ఆరు చానెళ్లు, ఒక్కసారికి మూడు పంపుతుంది. రెండో చానెల్ 0.7 నుంచి 1.1 మైక్రాన్ల పరారుణం. అందులో నీరు నల్లగా, పచ్చటి చేలు తెల్లగా పడతాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు కొమ్మలు చాచిన నల్లమరకల్లా కనపడ్డాయి. పులికాట్, చిలక సరస్సులు తీరాన్ని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆ రెంటి మధ్య దూరాన్ని ఒక అమ్మాయి స్కేలు లేకుండా, పిక్సెళ్ల కోఆర్డినేట్లు తీసుకుని పైథాగరస్‌తో కట్టింది. 840 పిక్సెళ్లు వచ్చాయి. అట్లాసులో కొలిస్తే దాదాపు 870 కిలోమీటర్లు. బొమ్మ అంచుల దగ్గర ఇదే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఏటవాలుగా చూసినచోట ఒక పిక్సెల్ ఎక్కువ నేలను మింగుతుంది.

ఉత్తరాన గంగా మైదానం మీద నున్నటి తెల్లదుప్పటి. హిమాలయాల మంచా, మేఘమా, పొగమంచా? మొదటి చానెల్‌లో మూడూ తెలుపే. మూడో చానెల్ (1.6 నుంచి 1.8 మైక్రాన్లు) వచ్చిన పాస్‌లో కొండల మీది మంచు నల్లబడింది, పొగమంచు తెల్లగానే ఉంది. మంచు స్ఫటికాలు ఆ పరారుణాన్ని మింగేస్తాయి, నీటి బిందువులు వెనక్కి కొడతాయి. పిల్లలు చెప్పింది సరైందో కాదో చూడ్డానికి అదే గంటలో ఇన్శాట్ తీసిన బొమ్మను ఇస్రో మాస్‌డాక్ సైటులో తెరిచి పక్కన పెట్టాం. ఏ రోజూ ఈ పోలిక మానలేదు. మన బొమ్మను మనమే మెచ్చుకోవడం కాదు, ఇంకో కంటితో సరిచూసుకోవాలి.

ఆరో వారం: ఈ పని చేసేవాళ్లు ఎక్కడుంటారు

“దీంతో ఉద్యోగం వస్తుందా?” అని ఒక తండ్రి పేరెంట్స్ మీటింగులో అడిగారు. న్యాయమైన ప్రశ్న. అంతరిక్షం అనగానే రాకెట్, వ్యోమగామి తప్ప ఇంకేమీ కనపడకపోవడం వల్ల పల్లె పిల్లలు అది తమది కాదనుకుంటారు. ఈ ఆరు వారాల్లో చేసిన ప్రతి పనికీ ఒక ఉద్యోగం ఉంది. ఆ చార్టు గోడ మీద రాశాం.

యాంటెన్నా కట్టి సిగ్నల్ దింపడం: హైదరాబాదుకు దగ్గర్లో షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే) కేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌సీ, చేసేది ఇదే. వాళ్ల డిష్‌లు 7.5 మీటర్లవి, పౌనఃపున్యం మనకన్నా అరవై రెట్లు, కానీ పాస్ సమయం, ట్రాకింగ్, సింక్, పోయిన ప్యాకెట్లు అవే. బెంగళూరు కేంద్రంగా ఇస్రో విభాగం ఇస్ట్రాక్ ఉపగ్రహాలకు ఆజ్ఞలు పంపుతుంది. ఈ సంస్థల్లో అందరూ శాస్త్రవేత్తలే కాదు. పదో తరగతితో పాటు ఐటీఐ (ఎలక్ట్రానిక్ మెకానిక్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడ్లు) చేసినవారికి టెక్నీషియన్-బి పోస్టులు, ఫస్ట్ క్లాస్ డిప్లొమాకు టెక్నికల్ అసిస్టెంట్, ఫస్ట్ క్లాస్ బీఎస్సీకి సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు ఉంటాయి. సైంటిస్ట్/ఇంజినీర్ ‘ఎస్‌సీ’ (ఇది పోస్టు స్థాయి పేరు, రిజర్వేషన్ కాదు) పోస్టుకు బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతారు. నోటిఫికేషన్లు ఇస్రో సొంత వెబ్‌సైటులో, ఆయా కేంద్రాల వెబ్‌సైట్లలో వస్తాయి. మల్టీమీటరుతో ఆ వెంట్రుకంత పోగును పట్టుకున్న అబ్బాయికి ఐటీఐ దారి చెప్పడం చిన్నచూపు కాదు, అది శ్రీహరికోట గేటుకు తిన్నగా పోయే దారుల్లో ఒకటి.

ఇంటర్ ఎంపీసీ తర్వాత తిరువనంతపురంలోని అంతరిక్ష శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థ ఐఐఎస్‌టీ (2007లో మొదలైంది) ఉంది. బీటెక్ ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా. బొమ్మ చదవడం నచ్చిన పిల్లలకు భూగోళం, భూగర్భశాస్త్రం, వ్యవసాయం చదివినా రిమోట్ సెన్సింగ్‌లోకి తలుపు తెరిచే ఉంటుంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ దీని మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, టీచర్లు ముందు అవి చేస్తే తరగతిలో ధైర్యం వస్తుంది. 2020లో ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే సంస్థ ఇన్‌స్పేస్ ఏర్పడ్డాక ప్రైవేటు కంపెనీలకూ దారి తెరిచారు. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేసింది. అదే నెల 26న పీఎస్ఎల్వీ-సీ54 మీద హైదరాబాద్ ధ్రువ స్పేస్ వాళ్ల రెండు చిన్న ఉపగ్రహాలు థైబోల్ట్-1, 2 వెళ్లాయి. అవి హ్యామ్ రేడియో (ఔత్సాహికులు లైసెన్సుతో నడిపే రేడియో) ఉపగ్రహాలు.

తొమ్మిదో తరగతి వాళ్లకు వెంటనే కావల్సింది యువికా. ఇస్రో 2019లో మొదలుపెట్టిన రెండు వారాల శిబిరం, వేసవి సెలవుల్లో జరుగుతుంది. శ్రీహరికోట, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా దాని కేంద్రాలే. గత నోటిఫికేషన్లలో ఎంపికకు ఎనిమిదో తరగతి మార్కులకు సగం బరువు, తర్వాత ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలు, స్కౌట్స్/ఎన్‌సీసీ వగైరా. గ్రామ పంచాయతీ పరిధిలోని బడిలో చదివేవారికి విడిగా 15 శాతం వెయిటేజీ ఇచ్చారు. రిజిస్ట్రేషన్ మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. పిల్లలు ఓడిపోయేది ప్రతిభలో కాదు, కాగితాల్లో: జిల్లా సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్ మీద పేరు తప్పు, ఆధార్‌లో ఒక పేరు రికార్డులో ఇంకో పేరు, హెడ్‌మాస్టర్ సంతకం లేని మార్కుల జాబితా. ఇవన్నీ డిసెంబరులోనే సరిచేసి ఫైలులో పెట్టాలి. శిబిరానికి ఫీజు లేదు, ప్రయాణం, వసతి ఇస్రోవే. ఇస్రో పేరో నాసా పేరో చెప్పి పరీక్ష ఫీజు, టూరు ఫీజు అడిగేవాళ్లు బడికి వస్తే ముందు ఇస్రో సొంత సైటులో ఉందో లేదో చూడాలి.

హ్యామ్ రేడియో లైసెన్సుకు 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. హైదరాబాదులోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. ఇప్పటివరకు మేం చేసింది వినడమే. పంపాలంటే ఆ లైసెన్సు ఉండి తీరాలి.

టీచర్ల కోసం

పాస్‌లు బడి గంటలను పట్టించుకోవు. కక్ష్య 101 నిమిషాలు. ఒక చుట్టు తిరిగొచ్చేలోపు భూమి 25 డిగ్రీలు తిరిగిపోతుంది కాబట్టి తర్వాతి పాస్ మన దగ్గర 2,700 కిలోమీటర్ల పడమటికి జరుగుతుంది. అందుకే రోజుకు పగలు ఒకటి రెండు, రాత్రి ఒకటి రెండు మాత్రమే పనికొస్తాయి. 30 డిగ్రీల పైకి లేవని పాస్ కోసం పిల్లల్ని పిలవొద్దు, చెట్లు, ట్యాంకులు అడ్డొచ్చి నిరుత్సాహపడతారు. పనులు విడగొట్టాలి: గడియారం, గెయిన్ ఒకరికి, రిజిస్టరు ఒకరికి, బొమ్మ ఇద్దరికి, యాంటెన్నా, కేబుల్ ముగ్గురికి. వారానికోసారి పనులు మార్చాలి. లేకపోతే కీబోర్డు ఎప్పుడూ ఒకే అబ్బాయి చేతిలో ఉంటుంది, అమ్మాయిలు రిజిస్టరు రాస్తూ ఉండిపోతారు. మొదటి రెండు వారాలు ఇక్కడ అలాగే జరిగింది, చూసి మార్చాం.

షెడ్డు పైకి పిల్లలు ఎక్కరు. కరెంటు తీగలకు మూడు మీటర్ల లోపు గొట్టం ఎత్తకూడదు. ఉరుము వినపడితే కేబుల్ డాంగిల్ నుంచి పీకి బయట పడేయాలి, ల్యాప్‌టాప్‌ను ఆపితే చాలదు.

ఇంకా మిగిలినవి

కేబుల్ చివర ఎఫ్ కనెక్టరు రెండుసార్లు వదులైంది, చేత్తో తిప్పి బిగించే రకం తీసేసి నొక్కి బిగించే రకం వేయాలి. వలయాకార ధ్రువణం ఉన్న సిగ్నల్‌ను తిన్నని కడ్డీలతో పట్టడం వల్ల మూడు డెసిబెల్స్ పోతున్నాయి, దానికి మెలితిరిగిన క్యూఎఫ్‌హెచ్ యాంటెన్నా రాగి గొట్టంతో కట్టడం మొదలైంది. నాలుగు వంపుల్లో రెండు అయ్యాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడూ బొమ్మలు పంపుతుంది, ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు. 2025లో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడి నుంచి హ్యామ్ రేడియోలో మన విద్యార్థులతో మాట్లాడారు. ఈ ‘వి’ యాంటెన్నానే దానికీ సరిపోతుంది, ఫోన్లో ఆ బొమ్మలు విప్పే రోబో36 యాప్ ఉంటే చాలు.

వచ్చే శనివారం రిజిస్టరులో రాసి ఉన్నది: పాస్ గరిష్ఠ ఎత్తు 68 డిగ్రీలు, ఉత్తరం నుంచి దక్షిణానికి. ల్యాప్‌టాప్ ఛార్జింగు నిండుగా. డిస్కులో 4 జీబీ ఖాళీ. యువికా ఫైళ్లకు హెడ్‌మాస్టర్ సంతకాలు, మూడు బాకీ.